ముప్పై ఒక్క మిల్లీమీటర్ల సందు

లారీ వెనక్కి వస్తుంటే కీచుమని మోగే రివర్స్ సెన్సర్‌లో వేలిగోరంత బిళ్ళ ఒకటి ఉంటుంది. అది సెకనుకు నలభై వేలసార్లు అదురుతుంది. ఆ అదురు శబ్దం మన చెవికి అందదు. వెనకున్న గోడకు తగిలి తిరిగి రావడానికి దానికి పట్టిన సమయాన్ని బట్టి, గోడ ఎంత దూరంలో ఉందో బండికి తెలుస్తుంది. కుడతిని రోడ్డులో మా చిన్నాయన లారీ షెడ్డులో ఈ బిళ్ళలు పాడవడం మామూలు. కొన్ని బూడిద పట్టి పోయేవి, కొన్ని బురద పట్టి, కొన్ని నిజంగానే గోడకు గుద్దుకుని. పోయిన ప్రతిదాన్నీ విప్పి చూసి, కారణం రాసుకుని, నా బల్ల కింద ఒక డబ్బాలో వేసేవాణ్ణి.

బళ్ళారిలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ముగించాక రెండేళ్ళు ఆ షెడ్డులో ఉన్నాను. ఇల్లు రూపనగుడిలో, పని కుడతిని దగ్గర, మధ్యలో బళ్ళారి. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. నాన్న పొలం చూసుకుంటే, ఆయన లారీలు చూసుకునేవాడు. ఆయన బండ్లు థర్మల్ స్టేషన్ బూడిదను సిమెంటు ఫ్యాక్టరీలకు, ఇటుకలు చేసేవాళ్ళకు మోసేవి. బండ్లలోని జీపీఎస్ పెట్టెలు, సెన్సర్లు, బ్యాటరీలు, లైట్ల వైరింగు నావి. ఆ పని కష్టమైంది కాదు. కష్టం కాకపోవడమే నన్ను నిలవనిచ్చేది కాదు. కుర్చీలో కూర్చుంటే కుడి మోకాలు దానంతటదే ఊగేది. చిన్నాయన చూసినప్పుడల్లా దాని మీద చెయ్యేసి ఆపేవాడు.

"ఏమిరా, ఊరికే ఇంజన్ ఆన్‌లో పెట్టుకోని కూర్చున్యావు? ఆపు. డీజిలు దండగ."

ఆ డబ్బాలోని బిళ్ళల్లో కొన్ని పూర్తిగా చావలేదని ఒకరోజు తెలిసింది. వినే శక్తి పోయినా అదిరే శక్తి మిగిలింది. అలాంటివి రెండు తీసి ఒక ఇనుప రేకుకు ఎదురుగా బిగించాను. కాలేజీలో చదివిన విషయమే. శబ్దాన్ని ఒక గట్టి పలకకు ఎదురుగా పంపితే పోయే అల, తిరిగొచ్చే అల ఒకదాని మీద ఒకటి పడతాయి. సందు సరిగ్గా కుదిరితే గాలిలో కొన్ని చోట్ల ఒత్తిడి మారకుండా నిలిచిపోతుంది. కంటికి కనబడని అరల్లాంటివి అవి. తేలికైన గింజను ఆ అరలో పెడితే కింద పడదు. మొదట థర్మాకోల్ పూస పెట్టాను. నిలబడింది. తర్వాత టిఫిన్ డబ్బాలోని బొరుగును గిల్లి ఆ ముక్క పెట్టాను. అదీ నిలబడింది. ఏ దారమూ లేకుండా, ఏదీ తాకకుండా, నా కళ్ళ ముందు అంగుళం ఎత్తులో. టిప్పరు నీడన పడుకునే కుక్క మాత్రం నేను స్విచ్చి వేయగానే లేచి రోడ్డు అవతలికి పోయేది. మాకు వినబడనిది దానికి వినబడేది.

ఆ తర్వాత షెడ్డుకు పోవడం మీద విసుగు తగ్గింది గాని, స్థిమితం ఇంకా తగ్గింది.

కొత్త బిళ్ళలు తెప్పించాను. ఎనిమిదింటిని ఒకే వరసలో పైన బిగించి, కింద మందపాటి ఉక్కు పలక పెట్టాను. పలక నాలుగు మూలలా నాలుగు బోల్టుల మీద నిలుస్తుంది. బోల్టు తిప్పితే పలక పైకీ కిందికీ కదులుతుంది, సందు మారుతుంది. ఒక్కో బిళ్ళకు అందే కరెంటును వంతులవారీగా పెంచుతూ, తగ్గిస్తూ పోతే మొదటి బిళ్ళ కింద నిలిచిన గింజ రెండోదాని కిందికి, అక్కణ్ణుంచి మూడోదాని కిందికి జరుగుతుంది. బిందెను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందించినట్టు. కాగితం మీద అంతే. చేతిలో అది నాలుగో బిళ్ళ దాటేది కాదు.

అప్పుడే ఆ ప్రకటన చూశాను. బెంగళూరులో ఒక పరిశోధన కేంద్రం, సన్నని రేణువులను శబ్దంతో తాకకుండా జరిపే పని, రెండేళ్ళ పాటు ఒకే ఒక్క అసిస్టెంటు ఉద్యోగం. మా వైపు వాళ్ళ ఎంపిక బళ్ళారిలోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరుగుతుంది. సొంత చేతులతో చేసినది ఒకటి తెచ్చి పది నిమిషాల్లో చూపించాలి. ఆ నాలుగు వాక్యాలను ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు. లెక్క పెట్టని కొద్ది విషయాల్లో అదొకటి.

చిక్కు ఏమిటంటే, చిన్నాయన అప్పటికే ఇంకో షెడ్డు కోసం స్థలం చూసి పెట్టాడు. వచ్చే నెల నుంచి దాని బాధ్యత నాదేనని అందరూ భోంచేస్తున్నప్పుడు చెప్పాడు. నేను వద్దనలేదు. వద్దనకపోవడాన్ని మా ఇంట్లో సరేననడంగానే తీసుకుంటారు. వారం తర్వాత ప్రకటన చూపించి విషయం చెప్తే, ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని పూర్తిగా చదివాడు.

"ఒక్క సీటా?"

"ఒక్కటే."

"ఎంతమంది వస్తారు?"

"తెలీదు చిన్నాయనా."

"సరే, పో. ఈ ఒక్కసారికే. రాలేదంటే మళ్ళా దాని మాట ఎత్తగూడదు. షెడ్డులో కూసోవాల. కాలు ఊపకుండా కూసోవాల."

ఒప్పుకున్నాను. వస్తే బెంగళూరు, రాకపోతే రెండో షెడ్డు. మూడో దారి లేదు.

ఎంపికకు మూడు వారాల గడువుంది. రేకుల షెడ్డులో ఒక మూల పాత టైర్లను గోడలా పేర్చి దాని వెనక పని చేశాను. గాలి ఊదితే గింజ ఎగిరిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపాలి, తలుపు మూయాలి. ఏప్రిల్ నెల. చెమట మోచేతుల మీదుగా బల్ల మీదికి కారేది. ఉక్కు పలక మీద చెమట చుక్క పడితే అల చెదిరిపోతుందని తలకు తువ్వాలు చుట్టుకునేవాణ్ణి. చూపించడానికి థర్మాకోల్ పూసలు వద్దనుకున్నాను. మా బండ్లు మోసే బూడిదలోనే అందుకు తగింది ఉంది. బకెట్టు నీళ్ళలో బూడిద కలిపి వదిలేస్తే బూడిదంతా మునుగుతుంది. లోపల గుల్లగా ఉండే అతి సన్నని గాజు గింజలు మాత్రం పైకి తేలతాయి. పాత చీర గుడ్డతో వాటిని తేర్చి ఆరబెట్టాను. ఒక్కటొక్కటిగా అవి కంటికి ఆనవు. అలలో పడితే కొన్ని వందలు దగ్గరికి చేరి, చిన్న బిళ్ళలా బల్లపరుపుగా అతుక్కుని నిలుస్తాయి. ఆ బూడిదరంగు చుక్కను ఎనిమిదో బిళ్ళ దాకా నడిపించాలి.

నోట్‌బుక్‌లో పద్నాలుగు అంశాలు రాసుకున్నాను. బిళ్ళల మధ్య దూరం, ఒక్కోదాని కరెంటు, వోల్టేజి, పలక మందం, పలక వాలు, గింజల పరిమాణం, వాటి తడి, బల్ల అదురు, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా, ఇలా. తొమ్మిదో అంశం సందు. నాలుగు బోల్టులనూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ గింజలు ఎంత గట్టిగా నిలుస్తున్నాయో చూస్తూ, రెండు రోజులకు దాన్ని పట్టాను. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల పైన ఒక పిసరు. అక్కడ చుక్క మేకు కొట్టినట్టు నిలిచింది. మర్నాడు మొదటిసారి ఎనిమిదో బిళ్ళ దాకా నడిచింది. ఆ వారం, షెడ్డు ఖాళీగా ఉండే మధ్యాహ్నాల్లో, నలభై సార్లు నడిపిస్తే ముప్పై ఎనిమిది సార్లు చివరిదాకా వచ్చింది. రెండుసార్లు పడింది, రెండుసార్లూ ఎవరో తలుపు తీశారు.

ఎంపిక ముందురోజు సాయంత్రం దాన్ని ఎలా తీసుకుపోవాలన్న మాట వచ్చింది. లారీవాళ్ళకు కట్టని సరుకు మీద నమ్మకం ఉండదు. బండి మీద ఉన్నది మోకు కట్టి ఉండాలి, పట్ట కప్పి ఉండాలి, లేదా అది లేనట్టే. చిన్నాయన బోల్టు ఒకటి పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు.

"ఇది తిరుగుతాండాది కదరా."

"తిరగాల చిన్నాయనా. తిప్పేదానికే పెట్టిండేది."

"నువ్వు తిప్పితే సరే. రోడ్డు తిప్పితే? ఈడ నుంచి బళ్ళారికి ఎన్ని గుంతలుండాయో నీ పుస్తకంలో రాసుకున్యావా?"

అక్కడున్న పెద్ద డ్రైవరు కూడా తల ఊపాడు. షెడ్డులో అందరికన్నా పాత మనిషి, నన్ను ఇంజినీరప్పా అనీ, చిన్నాయనను పెద్దాయప్పా అనీ పిలిచేవాడు. "పెద్దాయప్ప చెప్పింది బరాబర్ ఇంజినీరప్పా. నట్టు వదులైతే చక్రమే ఊడి పోతాది. ఇదెంత?"

నాకూ అది సరైన మాటే అనిపించింది. కుదిరిన సందు కుదిరింది, ఇక తిప్పే పనేముంది? డీజిలు ట్యాంకుల చిల్లులు పూడ్చే, ఆరితే గట్టిపడే ముద్ద తెచ్చి, దాని రెండు రంగుల పాళ్ళూ కలిపి పిసికి, నాలుగు బోల్టుల చుట్టూ నా చేతులతోనే మెత్తాను. తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంది. తొమ్మిదో అంశం పక్కన 'స్థిరం' అని రాసి టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టినప్పుడు కలిగిన నెమ్మది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పొద్దున చిన్న గూడ్సు బండిలో బయల్దేరాం. పెద్ద డ్రైవరు నడుపుతున్నాడు, పక్కన చిన్నాయన, నేను వెనక, నా తొడల మీద బిళ్ళలు, పలక బిగించిన పెట్టె. చిన్నాయన రానవసరం లేదు. "నా షెడ్డులో పుట్టింది, నేనూ చూడాల" అని ఎక్కాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు.

కాలేజీలో తొమ్మిది మందిమి ఉన్నాం. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరినీ సెమినార్ హాలులోకి పిలవడం మొదలుపెట్టారు. నాది మూడో నంబరు. తలుపు తోసుకుని లోపలికి పోగానే వీపు మీది చెమట చల్లబడింది. హాయిగా ఉంది. వచ్చిన అతిథుల కోసం ఏసీలన్నీ వేసి పెట్టారు. గోడ మీద ఎర్ర అంకెల్లో 22 అని కనబడుతోంది. చూశాను. చూసి ఊరుకున్నాను.

ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు ఆ కాలేజీ ప్రొఫెసర్లు. మధ్యలో బెంగళూరు నుంచి వచ్చిన మేడం. యాభై దాటి ఉంటాయి. మిగతా ఇద్దరూ నా దరఖాస్తు చూస్తుంటే ఆమె నా వేళ్ళు చూస్తున్నారు. వాళ్ళు కన్నడంలోనే అడిగారు, నేనూ కన్నడంలోనే చెప్పాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

స్విచ్చి వేసి, సన్న చెంచాతో గింజలు అలలోకి వదిలాను. అవి దగ్గరికి చేరలేదు. పొగలా చెదిరి పలక మీద రాలాయి. మళ్ళీ వదిలాను. ఈసారి ఒక చిన్న గుంపు నిలిచింది, వణికింది, జారింది. వోల్టేజి చూశాను. సరిగ్గానే ఉంది. పలక వాలు చూశాను. బిళ్ళలు ఒక్కొక్కటీ పరీక్షించాను, ఎనిమిదీ అదురుతున్నాయి. మొదటి అంశం నుంచి పద్నాలుగో అంశం దాకా వేలు పెట్టి దిగాను. తప్పు ఎక్కడా లేదు. తప్పు ఉంటే బాగుండునని అప్పుడనిపించింది.

"నిన్న పనిచేసింది సార్" అన్నాను.

కాలేజీ ప్రొఫెసరు ఒకాయన వాచీ చూసుకున్నాడు. "ఆయ్తు ఆయ్తు, సరేలే. అందరికీ నిన్న పనిచేస్తుంది" అన్నాడు. పది నిమిషాలు అయిపోయాయి.

బయట వరండాలో చిన్నాయన లేచి నిలబడ్డాడు. నా మొహంలోకి చూశాడు. అడిగేలోపే చెప్పేశాను.

"పడిపోయింది."

"పడితే మళ్ళా పెట్టల్లప్పా."

"మళ్ళా పెట్టినా పడింది. ఎన్నిసార్లు పెట్టినా పడింది."

పెద్ద డ్రైవరు పెట్టెను అటూ ఇటూ చూసి, "దావలో ఏమన్నా దెబ్బ తగిలిందేమో. నేను నిమ్మళంగానే తోలినా" అన్నాడు, తనమీదికి రాకుండా.

కూర్చోలేకపోయాను. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను, మళ్ళీ వెనక్కి. రెండో షెడ్డు, దాని బల్ల, దాని కుర్చీ కనబడ్డాయి. ఆ కుర్చీని నేనింకా చూడనే లేదు, అయినా కనబడింది. చివరికి బండి బ్యాటరీకి వైర్లు తగిలించి, పెట్టెను వరండా గట్టు మీద పెట్టి, ఎందుకో తెలియకుండానే స్విచ్చి వేసి గింజలు వదిలాను.

నిలిచాయి.

చుక్కలా చేరి, మేకు కొట్టినట్టు నిలిచాయి. రెండు సెకన్లు. అంతలో వేడిగాలి వచ్చి ఎగరగొట్టింది. మళ్ళీ వదిలాను. మళ్ళీ నిలిచాయి, మళ్ళీ గాలి. లోపల ఇరవై రెండు డిగ్రీలు. ఇక్కడ నీడలో నలభై ఉంటుంది. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, అల సాగుతుంది. చల్లబడితే అల కుంచించుకుపోతుంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది పాఠం. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు మా షెడ్డు మధ్యాహ్నానికి కుదిరిన సందు, హాలుకు కాదు.

నోట్‌బుక్ తెరిచాను. పద్నాలుగు అంశాల్లో ఉష్ణోగ్రత లేదు. అట్టలోపలి పేజీలో మాత్రం 'అన్నీ మామూలు రూం టెంపరేచర్ దగ్గర' అని ఒక వాక్యం ఉంది. అంకె లేదు. గింజల తడి కొలిచినవాణ్ణి వేడి కొలవలేదు. పొద్దున్నే తొమ్మిదికి తగులుకుని సాయంత్రం ఆరింటిదాకా వదలనిదాన్ని కొలిచి రాయాలని మాలో ఎవరికి తోస్తుంది?

"చిన్నాయనా, గాలి ఆపాల" అన్నాను. "రెండు నిమిషాలు గాలి రాకుండా ఆపితే చాలు."

ఆయన బండి మీది టార్పాలిన్ పట్ట విప్పమని డ్రైవరుకు సైగ చేశాడు. ఇద్దరూ దాన్ని వరండా స్తంభానికీ, కిటికీ కమ్మీకీ మోకుతో కట్టి, మిగిలిన రెండు కొసలూ చేతుల్తో పట్టుకుని నిలబడ్డారు. పరీక్షకు వచ్చిన తతిమ్మా వాళ్ళు ఫోన్లు తీశారు. ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు అడిగాడు, "లోపల ఏముంది అన్నా, సర్కస్సా?"

"అవునప్పా" అన్నాడు పెద్ద డ్రైవరు. "పులి ఉండాది. చూస్తావా?"

టీ విరామానికి బయటికొచ్చిన మేడం ఆ పట్ట దగ్గర ఆగారు. ఎవరూ పిలవలేదు. గ్లాసు కాలేజీ ప్రొఫెసరు చేతికిచ్చి, వంగి, చిన్నాయన చేతి కిందుగా లోపలికి వచ్చారు. పట్ట లోపల ఊపిరాడని ఉక్క, దుమ్ము వాసన. నేను గింజలు వదిలాను. చుక్క మొదటి బిళ్ళ కింద నిలిచింది. నడిపించాను. రెండు, మూడు, నాలుగు. ఆమె కదల్లేదు. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో బిళ్ళ కింద ఆగింది. ఆమె నుదుటి చెమట కారి కనుబొమ్మ మీద నిలిచినా తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే గాలి కదులుతుందని.

"లోపల ఎందుకు పడింది?"

"వేడి మేడం. సందును నలభై డిగ్రీలకు కుదిర్చాను. లోపల ఇరవై రెండు."

ఆమె నా నోట్‌బుక్ తీసుకుని పట్టిక మీద వేలు పెట్టి దిగారు. "పద్నాలుగు రాశావు. ఉష్ణోగ్రత ఏది?"

"రాయలేదు."

"ఎందుకు?"

అబద్ధం చెప్పడానికి వ్యవధి లేదు. "అది మారేదని తోచలేదు మేడం. మాకు అది ఎప్పుడూ ఉండేదే."

బయటున్న ప్రొఫెసరు, బళ్ళారి మనిషి, పట్ట అవతల గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "సెకనుకు బిళ్ళ అదిరే లెక్కనే కాస్త తగ్గించి సరిపెట్టవచ్చు కదా?" అని అడిగారు.

"ఈ బిళ్ళలు ఒక్క శ్రుతిలోనే గట్టిగా పలుకుతాయి. ఆ శ్రుతి తప్పితే గింజను మోసే బలం ఉండదు. సందే మార్చాలి."

"హాలుకు ఎంత సందు కావాలి?"

అరచేతి మీద పెన్నుతో లెక్క వేశాను. "ముప్పై పాయింట్ రెండు. ఇప్పుడున్న దానికన్నా మిల్లీమీటరులో పదింట తొమ్మిది పాళ్ళు తక్కువ."

"చేసి చూపించు. అందరిదీ అయ్యాక పది నిమిషాలిస్తాను. కొలిచిన సందుతో రావాలి, అక్కడికొచ్చి వెతుక్కోకూడదు."

ఆమె వెళ్ళాక బోల్టుల వైపు చూశాను. నాలుగింటి చుట్టూ రాయిలా ముద్ద. చిన్నాయన కూడా అదే చూస్తున్నాడు.

"నేను మెత్తమంటే మెత్తినావు" అన్నాడు మెల్లగా.

"నాకూ సరే అనిపించింది."

"బ్లేడు తేప్పా" అన్నాడు డ్రైవరుతో.

ఇనుము కోసే యాక్సా బ్లేడు, ఉలి, చిన్న సుత్తి. పెట్టెను నేను గట్టిగా పట్టుకుంటే చిన్నాయన కోశాడు. తెల్ల చొక్కా మీద బూడిదరంగు పొడి పడుతోంది. లోపల నాలుగో నంబరు, ఐదో నంబరు. మొదటి బోల్టు వదిలింది. రెండోది వదిలింది. ఆరో నంబరు. మూడోదానికి ముద్ద పెళ్ళలుగా ఊడింది, ఆయన ఈల వేశాడు. నాలుగోదాని దగ్గర బ్లేడు జారి మరను తెగ్గోసింది. నట్టు ఇక అటూ పోదు, ఇటూ రాదు.

ఆయన బ్లేడు కింద పెట్టేశాడు. "చెడగొట్టినా రా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. బండి బోల్తా పడ్డప్పుడు కూడా వినలేదు.

నేను నడవడం మొదలుపెట్టాను, మళ్ళీ ఆ చివరికి, ఈ చివరికి. మూడోసారి తిరిగినప్పుడు నా కాళ్ళు ఆగాయి. పలకకు నాలుగు కాళ్ళు ఎందుకు? నాలుగైతేనే ఏదో ఒకటి ఎక్కువో తక్కువో అయి పలక ఊగుతుంది. మూడు బిందువుల మీద ఏ పలకైనా ఊగకుండా కూర్చుంటుంది.

"దాన్ని పూర్తిగా కోసెయ్ చిన్నాయనా. నాలుగోది వద్దు."

"వద్దా?"

"వద్దు. మూడు చాలు."

ఆయన నా మొహంలోకి చూశాడు, నేను ఓదార్చడానికి అంటున్నానేమోనని. తర్వాత మొదలంటా కోసేశాడు. నాలుగోది పోయిన వైపు మధ్యలో చిల్లు వేసి మూడో బోల్టును అక్కడికి మార్చుకున్నాం. చెమట పట్టని వేళ్ళ కోసం చేతులు కడుక్కుని, వెర్నియర్‌తో మూడు చోట్లా కొలిచాను. ముప్పై పాయింట్ రెండు, ముప్పై పాయింట్ రెండు, ముప్పై పాయింట్ మూడు. కాస్త తిప్పాను. అదీ రెండుకు వచ్చింది.

తొమ్మిదో నంబరు బయటికొచ్చింది. నన్ను పిలిచారు.

గోడ మీద ఇంకా 22 ఉంది. గింజలు వదిలాను. చుక్క చేరింది, నిలిచింది, నడిచింది. ఎనిమిదో బిళ్ళ దాకా వెళ్ళి ఆగినప్పుడు వాచీ చూసుకునే ప్రొఫెసరు కుర్చీలోంచి కొద్దిగా లేచాడు. అయిపోయిందనుకున్నాను. మేడం ఏసీలు ఆపమన్నారు.

బళ్ళారిలో ఏసీ ఆపితే నాలుగు డిగ్రీలు పెరగడానికి ఎంతోసేపు పట్టదు. 23. 24. చుక్క వణకడం మొదలైంది. 25 దాటాక దాని అంచు నుంచి గింజలు ఒకటొకటిగా రాలాయి. 26 దగ్గర మొత్తం పడిపోయింది.

"ఇప్పుడు?" అన్నారు.

నా బోల్టు ఒక చుట్టు తిరిగితే పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. నాలుగు డిగ్రీలకు కావలసింది పాయింట్ రెండు. "పావు చుట్టు, కిందికి" అన్నాను. మూడు బోల్టులూ పావు చుట్టు చొప్పున తిప్పి, కొలవకుండానే గింజలు వదిలాను. చుక్క చేరింది. ఎనిమిదో బిళ్ళ దాకా నడిచింది.

ఆమె ఏదో రాసుకున్నారు. వెళ్ళవచ్చన్నారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఏ పనీ చేతికి అంటలేదు. ఫోను జేబులో పెట్టుకుంటే మోగినట్టుండేది, తీసి చూస్తే మోగేది కాదు. చిన్నాయన రెండో షెడ్డుకు రేకులు దించాడు గాని, నాతో ఆ మాట ఎత్తలేదు. పదో రోజు మేడమే ఫోను చేశారు. నేను టిప్పరు కింద పడుకుని వైరు చూస్తున్నాను. ఎంపికయ్యావని ఒక వాక్యంలో చెప్పి, వెంటనే రెండో వాక్యంలో ఇలా అన్నారు: "ఇప్పుడే రావద్దు. మా గదులన్నీ ఇరవై రెండులోనే ఉంటాయి. నీ షెడ్డు పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత?"

"పొద్దున ఇరవై ఆరు, మధ్యాహ్నం నలభై మూడు." ఈసారి నా దగ్గర అంకెలున్నాయి. ఎంపికకు ముందే థర్మామీటరు కొన్నాను అనగలిగితే బాగుండేది. నిజానికి ఎంపిక రోజు సాయంత్రం, ఇంటికి పోయే దారిలో కొన్నాను.

"వానలు పడేదాకా అక్కడే ఉండి, ఒక్కో డిగ్రీకి సందు ఎంతో కొలిచి పంపు. తర్వాత రా."

చిన్నాయనకు చెప్పాను. ఆయన షెడ్డు అదిరేలా నవ్వాడు. "అంటే బెంగళూరోళ్ళు నిన్ను సెలెక్షన్ చేసి నా షెడ్డుకే పోస్టింగు ఏసినారా?" నవ్వు ఆగాక మొహం తిప్పుకుని, రెండో షెడ్డు ఎవరికి అప్పజెప్పాలో డ్రైవర్ల పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. సాయంత్రానికి అది పెద్ద డ్రైవరుకు దక్కింది. ఆయన మూడు రోజులు నన్ను ఇంజినీరప్పా అనకుండా మేనేజరప్పా అన్నాడు, ఆ పిలుపు తన చెవులకే అలవాటు కావాలని.

ఇప్పుడు మే నెల. టైర్ల గోడ తీసేసి చెక్క గది ఒకటి కట్టుకున్నాను. కొలత మొదలయ్యాక పది నిమిషాలు తలుపు తీయకూడదు. పనిముట్లన్నీ ఈ గదిలోనే ఉన్నాయని కట్టిన తర్వాత గుర్తొచ్చింది.

ఇందాక ముప్పై ఏడు డిగ్రీల దగ్గర చుక్క ఆరో బిళ్ళ దాటుతుండగా ఎవరో తలుపు బాదారు.

"అప్పా, పదిహేడో నంబరు స్పానరు యాడ పెట్టినావు?"

"ఐదు నిమిషాలు ఆగన్నా."

"బండి జాకీ మీద ఉండాది. యాడ ఆగేది?"

చుక్క వణికింది. నేను ఊపిరి బిగబట్టి, స్పానరును ఎడమ కాలితో తలుపు కిందుగా బయటికి తోశాను. నా కుడి మోకాలు మాత్రం కదలకుండా చూసుకున్నాను. ముప్పై ఏడున్నర. నలభై మూడుకు ఇంకా ఐదున్నర డిగ్రీలు మిగిలాయి ఈ మధ్యాహ్నానికి.